గొంతులో అద్దం

డాక్టరుగారు ఒక చేత్తో నా నాలుకని గాజుగుడ్డతో పట్టుకుని, ఇంకో చేత్తో పొడవాటి సన్నటి గొట్టం నోట్లో పెట్టారు. "ఈ... సొల్లుంగమ్మా, ఈ..." అన్నారు తమిళంలో, 'ఈ' అని పలకమని. వాంతి వచ్చేలా ఉంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అయినా పక్కనున్న స్క్రీన్ మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. ముప్ఫై ఏళ్ళుగా పాడుతున్న నా గొంతు నాకు కనిపించడం అదే మొదలు. తలుపు రెక్కల్లాంటి తెల్లటి పట్టీలు రెండు దగ్గరికి వస్తున్నాయి, విడిపోతున్నాయి. వాటి అంచుల మీద సరిగ్గా ఎదురెదురుగా ఆవగింజంత బొడిపెలు. రెక్కలు మూసుకోబోతే ఆ బొడిపెలే ముందు తగులుతున్నాయి, వాటికి అటూ ఇటూ సందు ఉండిపోతోంది. తారషడ్జం, అంటే పై స, దగ్గర నా పాట గాలిగా మారిపోతోందంటే, ఆ గాలి పోయేది ఆ సందులోంచేనన్నమాట.

అది 2014 జనవరి. నాకప్పుడు 39.

మాది నెల్లూరు. పదహారో ఏట సంగీతం కోసం చెన్నై వచ్చి మా పిన్ని ఇంట్లో ఉన్నాను. పెళ్ళయ్యాక కూడా ఈ ఊరే, మైలాపూరే. మా గురువుగారు ఆరు శృతిలో పాడించేవారు. శృతి అంటే పాటకి ఆధారమైన స ఎత్తు, అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి ఎక్కాలి. నా గొంతు ఐదు దగ్గర హాయిగా ఉండేది. "ఎక్కిస్తేనే గొంతు ఎక్కుతుంది" అనేవారు ఆయన. ఎక్కింది కూడా. ఇరవై ఏళ్ళు ఆరు శృతిలోనే పాడాను. పల్లవి తారస్థాయిలో అందుకున్నప్పుడు మెడ నరాలు పొంగేవి. చూసినవాళ్ళు "ఎంత శ్రద్ధగా పాడుతుందో" అనుకునేవాళ్ళు, నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఆ జనవరికి ముందు నెల, చెన్నై డిసెంబర్ కచేరీల సీజన్‌లో, 23 రోజుల్లో తొమ్మిది కచేరీలు ఒప్పుకున్నాను. పొద్దున్నే పిల్లలకి పాఠాలు, మధ్యాహ్నం కచేరీ, మధ్యలో జలుబు. ఐదో కచేరీకి గొంతు బొంగురుపోయింది. ఒక సభకి ఫోన్ చేసి రాలేనంటే "వచ్చే ఏడు స్లాట్ సంగతి మేం చెప్పలేం" అన్నారు. వెళ్ళి పాడాను. అంతకుముందు చూపించుకున్న క్లినిక్‌లో లోపల చూడకుండానే రెండు కోర్సులు యాంటీబయాటిక్స్ రాసిచ్చారు. అవి వేసుకుంటూనే మిగిలిన నాలుగూ పాడాను.

బొడిపెలు చూసిన డాక్టరుగారు ఆపరేషన్ వద్దన్నారు. ఆరు వారాలు మౌనం, తర్వాత స్పీచ్ థెరపీ. గుసగుసగా కూడా మాట్లాడొద్దు, గుసగుసలో తంత్రులు, అంటే ఆ తెల్లటి పట్టీలు, ఇంకా బిగుసుకుంటాయి అన్నారు. నేను బ్యాగు తీసుకుని లేస్తుంటే, ధైర్యం చెప్పడానికో ఏమో, ఇంకో మాట అన్నారు. ఆ గొట్టానికి తాతలాంటి అద్దం ఒకటుందట. దానితో మొదట తన గొంతు తాను చూసుకున్నవాడు డాక్టర్ కాదట, ఒక సంగీతం మాస్టారట.

ఆ మాట పట్టుకునే ఆ ఆరు వారాలూ గడిపాను. ఇంట్లో పలక మీద రాసి చూపించేదాన్ని. మావాణ్ణి పిలవాలంటే స్టీలు గ్లాసు మీద గరిటతో కొట్టేదాన్ని. అందరూ పడుకున్నాక కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మాస్టారి గురించి చదివేదాన్ని.

ఆయన పేరు మాన్యుయెల్ గార్సియా. స్పెయిన్ నుంచి వచ్చిన పాటగాళ్ళ కుటుంబం. తండ్రి పేరూ మాన్యుయెల్ గార్సియానే, గొప్ప టెనర్, అంటే పై స్థాయి మగ గొంతు. రోస్సినీ కట్టిన ఆపెరా, అంటే పాటలతోనే నడిచే నాటకం, 'బార్బర్ ఆఫ్ సెవిల్' 1816లో రోమ్‌లో మొదటిసారి ఆడినప్పుడు అందులో కథానాయకుడు ఆయనే. కొడుకు గొంతు స్టేజి మీద నిలవలేదు. చిన్న వయసులోనే పాడటం మానేసి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు లోపల ఏం జరుగుతోందో చూడాలని అతనికి ఎన్నాళ్ళుగానో ఉండేది. 1854లో పారిస్‌లో ఒకరోజు ఎండ తళుక్కుమనడం చూసి ఆలోచన తట్టింది. పళ్ళ డాక్టర్లు వాడే పొడవు కాడ ఉన్న చిన్న అద్దం కొన్నాడు. ఆవిరి పట్టకుండా దాన్ని వేడినీళ్ళలో వెచ్చబెట్టి, కొండనాలుకకి ఆనించి, రెండో చేతిలోని అద్దంతో ఎండని లోపలికి మళ్ళించాడు. తన తంత్రులు తనకే కనిపించాయి. మరుసటి ఏడు ఆ సంగతి లండన్ రాయల్ సొసైటీకి రాసి పంపాడు. ఇవాళ గొంతు డాక్టర్లు చేసే పనికి మొదలు అదే. ఆయన 101 ఏళ్ళు బతికాడు, 1906 దాకా.

ఆయన దగ్గరికి 1841లో స్వీడన్ నుంచి గాయని జెన్నీ లిండ్ వచ్చింది. ఇరవై ఏళ్ళు, అప్పటికే పాడి పాడి గొంతు అరిగిపోయింది. ఆయన పాఠం మొదలుపెట్టలేదు. ఆరు వారాలు పాడకు, మాట్లాడటం కూడా బాగా తగ్గించు, తర్వాత రా అన్నాడు. ఆ తర్వాత ఆమె యూరప్‌ని ఊపేసిందన్న సంగతి పాట తెలిసినవాళ్ళందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ ఆరు వారాల దగ్గరే చూపు ఆగిపోయింది. రాత్రి పన్నెండు దాటింది. లేచి వెళ్ళి మావారిని నిద్రలేపి ఆ లైను చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకున్నారు.

ఈ మాస్టారి చెల్లెలే గాయని పొలీన్ వియార్దో. నేను రాయాలని కూర్చున్నది ఆవిడ గురించే. అన్నగారి గురించి చెప్పకుండా ఆవిడ దగ్గరికి రావడం నాకు చేతకాదు.

పొలీన్ 1821 జులై 18న పారిస్‌లో పుట్టింది. నాలుగేళ్ళప్పుడు కుటుంబమంతా ఓడెక్కి న్యూయార్క్ వెళ్ళింది. అక్కడివాళ్ళకి ఇటాలియన్ ఆపెరా రుచి చూపించింది ఈ కుటుంబమే. అక్కడి నుంచి మెక్సికో. అక్కడ తిరుగు ప్రయాణంలో దొంగలు దారికాచి సంపాదనంతా దోచుకున్నారు. పిల్ల ఇవన్నీ చూస్తూ పెరిగింది. అక్క మరియా మాలిబ్రాన్ కూడా గాయని, ఆ రోజుల్లో దేవతతో సమానం. గుర్రం మీంచి పడి, దెబ్బలతోనే పాడి, 1836లో మాంచెస్టర్‌లో 28 ఏళ్ళకే పోయింది.

పొలీన్‌కి పాట కంటే పియానో ఇష్టం. పేరుమోసిన పియానో విద్వాంసుడు లిస్ట్ దగ్గర నేర్చుకుంది. జీవితాంతం ఆవిడ పియానో వింటే పెద్ద పెద్దవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. తండ్రి 1832లోనే పోయాడు. అక్క పోయిన ఆ రోజుల్లోనే తల్లి ఒక పాట పాడించుకుని విని, ఇక పియానో మూసెయ్యి, నువ్వు పాడాలి అంది. ఆ మాట చదివినప్పుడు నాకు గుండె పట్టేసినట్టయింది. పదిహేనేళ్ళ పిల్ల. అక్క వదిలిపోయిన చోట నిలబడాలి. ఆ అక్కేమో చచ్చేదాకా పాడిన మనిషి.

1839లో లండన్‌లో రోస్సినీ 'ఒతెల్లో'లో డెస్డెమోనాగా మొదటిసారి ఆపెరా వేదిక ఎక్కింది. మరుసటి ఏడు లూయీ వియార్దోని పెళ్ళి చేసుకుంది. ఆయన రచయిత, పారిస్‌లో ఇటాలియన్ ఆపెరా నడిపేవాడు, ఆమె కంటే 21 ఏళ్ళు పెద్ద. పెళ్ళి కుదర్చడంలో రచయిత్రి జార్జ్ సాండ్ పెద్దరికం వహించింది. 1843లో సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళి పాడినప్పుడు తుర్గేనెవ్ విన్నాడు. మన ఇళ్ళలో రష్యన్ పుస్తకాల తెలుగు అనువాదాలు చదివి పెరిగినవాళ్ళకి తుర్గేనెవ్ కొత్తవాడు కాదు. మా నాన్నగారి అలమరాలో కూడా ఆయన ఉండేవాడు. ఆ రోజు నుంచి 1883లో చనిపోయేదాకా తుర్గేనెవ్ ఆవిడ ఎక్కడుంటే అక్కడికి చేరుకుంటూ, ఆ కుటుంబంలో ఒకడిగా బతికాడు. ఆ కథ గురించి జనం పుస్తకాలకి పుస్తకాలు రాశారు. నాకు దాని మీద పెద్ద ఆసక్తి లేదు. ఆవిడ పేరు ఎత్తగానే ఎవరు ఆవిడని ప్రేమించారన్న లెక్కే ముందుకు రావడం నాకు బాధగా ఉంటుంది. ఆరు భాషలు మాట్లాడేది, నోటేషన్ చూసి ఏదైనా అప్పటికప్పుడు పాడేది, పాటలు కట్టేది. స్వరకర్త షోపాన్ దగ్గర కూర్చుని సంగీతం మాట్లాడేది, ఆయన పియానో మజుర్కాలకి, అంటే నాట్యపు నడకలో కట్టిన చిన్న రచనలకి, మాటలు కూర్చి పాటలుగా చేసింది. 1849లో ఆయన అంత్యక్రియల్లో పోయినవాళ్ళ కోసం మోజార్ట్ కట్టిన ప్రార్థనాగీతం 'రెక్వియమ్' పాడినవాళ్ళలో ఆవిడ ఉంది.

గొంతు సంగతికి వస్తాను. ఆవిడది సహజంగా మధ్య రకం గొంతు, మెజ్జో. కింద మంద్రం గంభీరంగా ఉండేది. దాన్ని తారస్థాయికి కూడా సాగదీసి మూడు స్థాయిల మేర పాడేది. మా భాషలో చెప్పాలంటే ఐదు శృతి గొంతుతో అవసరమైతే ఏడు శృతిలో కూడా పాడేది. బెర్లిన్‌లో ఒకసారి సాటి గాయనికి ఒంట్లో బాగోకపోతే, ఒకే రాత్రి ఒకే ఆపెరాలో తన పాత్రా ఆమె పాత్రా రెండూ తానే పాడింది. జనం చప్పట్లు కొట్టే ఉంటారు. చదువుతున్న నేను మాత్రం "ఎందుకమ్మా" అని పలక మీద రాసుకున్నాను. మాట్లాడటానికి లేదు కదా.

1849లో మయర్‌బేర్ ఆపెరా 'లె ప్రొఫెత్'లో ఫిదెస్ అనే తల్లి పాత్ర ఆవిడ కోసమే వచ్చింది. ఆపెరాలో ముసలి తల్లి ముఖ్యపాత్ర కావడమే అరుదు. ఆ పాత్రతో పారిస్ ఆవిడ కాళ్ళ దగ్గరికి వచ్చింది. అప్పటికి 27. అక్కడి నుంచి పదేళ్ళలో పై స్వరాలు ఒక్కొక్కటే అరిగిపోతూ వచ్చాయి.

అయినా ఆవిడ పాడినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది, రికార్డింగే లేని ఆ పాటని ఇష్టం అనొచ్చునో లేదో కానీ, గొంతు అరిగిన తర్వాత పాడిందే. 1859 నవంబర్‌లో పారిస్ థియేటర్ లిరిక్‌లో గ్లుక్ 'ఓర్ఫే'. వందేళ్ళ నాటి ఆపెరాని స్వరకర్త బెర్లియోజ్ ఆవిడ గొంతుకి సరిపడేలా సవరించాడు. పాత్ర మగవాడిది, పాడింది ఆవిడ. పాముకాటుకి చనిపోయిన భార్యని వెతుక్కుంటూ గాయకుడు యమలోకానికి వెళ్తాడు. మన సావిత్రి యముడితో మాటలాడి గెలిస్తే, ఇతను పాట పాడి అక్కడి భూతాలని కరిగిస్తాడు. పైకి తీసుకొచ్చేదాకా ఆమె ముఖం చూడకూడదని షరతు. చూస్తాడు. ఆమె మళ్ళీ చనిపోతుంది. అప్పుడు పాడే పాట ఒకటుంది. నేను వేరేవాళ్ళ గొంతులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అంత దుఃఖానికి అదేమీ శోకరాగంలా ఉండదు. మన శంకరాభరణం మెట్ల మీద నడుస్తుంది, పై స్వరాల కోసం ఆరాటపడదు, అరుపు లేదు. మధ్యస్థాయిలో, అడిగిందే మళ్ళీ అడిగినట్టు, పల్లవి తిరిగి తిరిగి వస్తుంది. అరిగిన గొంతుతో ఆవిడ దాన్ని వందసార్లకి పైగా పాడింది. ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ వచ్చి విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

1863లో స్టేజి మానేసింది. 41 ఏళ్ళు. కుటుంబం జర్మనీలో బాడెన్‌బాడెన్‌కి మారింది, ఫ్రాన్స్‌కీ ప్రష్యాకీ యుద్ధం వచ్చాక లండన్ మీదుగా తిరిగి పారిస్ చేరింది. కచేరీల్లో అప్పుడప్పుడూ పాడుతూనే ఉండేది. స్వరకర్త బ్రామ్స్ మంద్రగొంతు కోసం కట్టిన 'ఆల్టో రాప్సొడీ'ని 1870లో మొదట పాడింది ఆవిడే. కానీ అసలు పని పాఠాలు. బాడెన్‌బాడెన్ ఇంటికి దేశదేశాల నుంచి అమ్మాయిలు వచ్చేవాళ్ళు. వాళ్ళకి వేదిక అలవాటు కావాలని చిన్న చిన్న ఆపెరెట్టాలు తానే కట్టి, తన పిల్లలతోనూ శిష్యురాళ్ళతోనూ ఆడించేది. మాటలు తుర్గేనెవ్‌వి. 1871 నుంచి 75 దాకా పారిస్ కన్సర్వేటరీలో చెప్పింది, తర్వాత మళ్ళీ ఇంటి దగ్గరే. 1910 మే 18న, 88 ఏళ్ళకి పోయింది. ఆపెరా వేదిక మీద పాడింది 24 ఏళ్ళు. మానేశాక బతికింది దానికి దాదాపు రెండింతలు.

శిష్యురాళ్ళలో ఒక అమ్మాయితో ఆవిడ అన్న మాట ఒకటి మిగిలింది. నాలా చెయ్యకు, నేను అన్నీ పాడాలనుకున్నాను, గొంతు పాడుచేసుకున్నాను అని. ఫ్రెంచిలో ఎలా ఉంటుందో గానీ తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట నన్ను కోసేసింది. పాడాలి, పాడుచేసుకున్నాను. మన భాషలో రెండూ ఒక్క మాటే. ఆ రాత్రి పలక మీద రాసి పొద్దున దాకా చెరపలేదు.

మార్చిలో మౌనం అయ్యాక మొదటిసారి శృతిపెట్టె ఆన్ చేశాను. నాలుగు శృతి. సరళీవరుస మొదటి కాలం. "స" అనగానే గొంతు వచ్చింది, సన్నగా, కానీ మధ్యలో గాలి లేదు. ఏడుపు ఆపుకోవాల్సి వచ్చింది, ఏడిస్తే మళ్ళీ గొంతు బిగుసుకుంటుందని థెరపిస్టు చెప్పారు.

కచేరీలు మానేశాను. కొందరు సర్జరీ చేయించుకోమన్నారు, ఇంకొందరు జాలిపడ్డారు. పాఠాలే నా పని అని నిర్ణయించుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు 27 మంది పిల్లలు వస్తారు. ముందు ప్రతి ఒక్కరి శృతి చూస్తాను, వాళ్ళ వదినో స్నేహితురాలో ఏ శృతిలో పాడుతుందని కాదు. రెండు వారాలు మంద్రంలోనూ మధ్యస్థాయిలోనూ పాడించి, హాయిగా ఎక్కడ కూర్చుంటుందో అక్కడ పెడతాను. నాలుగున్నర అని చెబితే కొందరు తల్లులు చిన్నబుచ్చుకుంటారు. చెన్నైలో ఆడపిల్ల అంటే ఐదున్నర ఉండాలని ఒక లెక్క.

మా పై అంతస్తులో ఒంగోలు వాళ్ళ అమ్మాయి ఉంది, 14 ఏళ్ళు, నన్ను అత్తా అంటుంది. నా దగ్గర పాట, వేరేచోట పియానో గ్రేడ్లు. వియార్దో అమ్మాయిల గొంతు సాధన కోసం ఒక పుస్తకం వేసింది, పేరుకి అర్థం 'ఒక గంట సాధన'. స్కాన్ చేసిన కాపీ దొరికితే ప్రింటు తీయించాను. నాకు ఆ గీతలు చదవడం రాదు. ఆ పిల్ల కీబోర్డు తెచ్చి వాయిస్తుంటే నేను స్వరాలు పట్టుకుని తెలుగులో సరిగమలు రాసుకున్నాను. పుస్తకం పేరులోనే గంట అని ఉండటం నాకు మహా ఇష్టం. మా గురుకులం రోజుల్లో నాలుగు గంటలు అకారసాధకం చేశామని గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

ఇంకొకటి కూడా ఆలోచిస్తుంటాను. త్యాగరాజస్వామి 1847లో సమాధి అయ్యేనాటికి పొలీన్‌కి 25 ఏళ్ళు, యూరప్ అంతా తిరిగి పాడుతోంది. తిరువయ్యారులో ఉంచవృత్తి చేసుకుంటున్న ఆయనకి ఆమె తెలియదు, ఆమెకి ఆయన తెలియదు. కానీ గార్సియా అద్దం పెట్టకముందే ఆయన జగన్మోహిని రాగంలో "నాభి హృత్కంఠ రసన నాసాదులయందు" అని సప్తస్వరాలు ఎక్కడెక్కడ శోభిల్లుతాయో తెలుగులో చెప్పేశారు. పిల్లలకి ఆ కృతి చెప్పేటప్పుడు ఒక్కో మాట దగ్గర ఆగి చెయ్యి పెట్టి చూపిస్తాను. కంఠం ఆ వరుసలో ఒకటి మాత్రమే అంటాను. తమిళ పిల్లలు "రసన" అంటే ఏంటని అడుగుతారు, నాలుక చూపిస్తాను.

మొన్న డిసెంబర్‌లో ఆ పై అంతస్తు పిల్ల పోటీకి భైరవి వర్ణం తయారవుతోంది. శనివారం పొద్దున క్లాసుకి వచ్చి "అత్తా" అంది. ఆ ఒక్క మాటలోనే తెలిసిపోయింది. రాత్రంతా దగ్గిందట. పోటీ మంగళవారం. ఇవాళ వద్దు, మంగళవారం కూడా వద్దు అన్నాను. వాళ్ళమ్మ కిందికి వచ్చింది. "ఏడాది నుంచి కష్టపడుతోంది వదినా, ఒక్క ఏడు నిమిషాలే కదా, వేడినీళ్ళు తాగించి పంపుతా" అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి. నాకు చాలా టెన్షన్‌గా అనిపించింది, ఆవిడ అంటే నాకు ఇష్టం. లోపలికి వెళ్ళి ఫైల్లోంచి 2014 నాటి ఫోటో తెచ్చాను. తెల్లటి పట్టీలు, ఆవగింజలు. ఇది ఎవరిదని అడిగింది. నాదే అన్నాను. చాలాసేపు చూసి, ఫోటో టీపాయ్ మీద పెట్టి, కూతురి తల నిమిరి పైకి వెళ్ళిపోయింది.

పిల్లని ఇంటికి పంపలేదు. ఎదురుగా కూర్చోబెట్టి శృతిపెట్టె నాలుగులో పెట్టాను. అటతాళం వెయ్యి, నేను పాడతాను, నువ్వు విను అన్నాను. ఐదేసి అక్షరాల లఘువులు రెండు, ద్రుతాలు రెండు. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్యవేలు, చూపుడువేలు. నేను పల్లవి ఎత్తుకున్నాను. రెండో ఆవర్తానికి ఆ పిల్ల పెదవులు శబ్దం లేకుండా సాహిత్యం పలకడం మొదలుపెట్టాయి. లోపల తంత్రులు కూడా కదులుతూనే ఉంటాయప్పుడు. పాట ఆపకుండానే నా పెదవుల మీద వేలు పెట్టి చూపించాను. పెదవులు మూసుకుంది. తొడ మీద చెయ్యి మాత్రం తాళం తప్పలేదు.